అలమారలో దొరికిన స్ట్రాన్షియం: ఒక పాత డబ్బాను ఖాళీ చేసిన కేసు

ఒక పరిశోధన సంస్థలో ప్రయోగశాలను కొత్త భవనంలోకి మారుస్తున్నారు. రసాయనాల అలమారలు సర్దుతుంటే అడుగు అరలో రెండు వస్తువులు బయటపడ్డాయి. ఒకటి తుప్పు పట్టిన రేకు డబ్బా. దాని లేబుల్ చాలావరకు చెరిగిపోయినా ‘స్ట్రాన్షియం’ అన్న మాట మాత్రం చదవడానికి వస్తోంది. రెండోది మూతి కరిగించి సీల్ చేసిన గాజు ఆంపుల్. లోపల వెండిలా మెరిసే పలుకులు ఉన్నాయి. ఆ పేరు చూడగానే సిబ్బంది పని ఆపేసి, గదికి తాళం వేసి, తలుపు మీద రేడియేషన్ హెచ్చరిక అంటించారు. గాలికీ నీటికీ పడని లోహాలను తొలగించడం నా పని కాబట్టి కబురు నాకు వచ్చింది.

నేను వెళ్లేసరికి బయట అందరి టెన్షన్ రేడియేషన్ గురించే. లోపలికి వెళ్లి చూస్తే డబ్బా సింక్ పక్కన, తడి బల్ల మీద ఉంది. పైన కుళాయి. ఈ కేసును పూర్తిగా రాయాలనిపించింది అందుకే. స్ట్రాన్షియం లోహంతో వచ్చే అసలు ప్రమాదం నీరు, గాలి, నిల్వ చేసిన తీరు. కానీ జనం దృష్టి ఎప్పుడూ దాని పేరు మీదే ఉంటుంది.

రేడియేషన్ భయం ఎంతవరకు నిజం

భయపడిన వాళ్లను తప్పు పట్టలేం. వార్తల్లో స్ట్రాన్షియం పేరు వినిపించేది అణు ప్రమాదాల సందర్భంలోనే. అక్కడ చెప్పేది స్ట్రాన్షియం-90 అనే ఐసోటోపు (ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న రకం) గురించి. అది యురేనియం, ప్లుటోనియం విచ్ఛిత్తిలో పుడుతుంది. దాని అర్ధాయువు, అంటే సగానికి తరగడానికి పట్టే కాలం, దాదాపు 29 ఏళ్లు. అది బీటా కణాలు వెలువరిస్తుంది, కాల్షియం లాగే ఎముకల్లో చేరుతుంది. ప్రకృతిలో దొరికే స్ట్రాన్షియం వేరు. అందులో 84, 86, 87, 88 అనే నాలుగు ఐసోటోపులు ఉంటాయి, నాలుగూ స్థిరమైనవే. వాటిలో 88 ఒక్కటే 82 శాతం పైన ఉంటుంది. రసాయన కంపెనీలు సీసాల్లో, డబ్బాల్లో అమ్మే లోహం ఈ రకమే. ఖనిజం నుంచి తీసినది కాబట్టి దానికి రేడియోధార్మికత ఉండదు.

అయినా మాటలతో భయం పోదు, పోకూడదు కూడా. పలుచని కిటికీ ఉన్న గైగర్ డిటెక్టర్ తెప్పించాం. గామా కిరణాలను మాత్రమే చూసే మీటర్ ఇక్కడ సరిపోదు, బీటాను పట్టగలిగింది కావాలి. ముందు ఖాళీ గదిలో రీడింగ్ తీసుకుని, తర్వాత డబ్బా చుట్టూ, ఆంపుల్ దగ్గర తీసుకున్నాం. తేడా లేదు. రేకు బీటాను కొంత ఆపుతుంది కాబట్టి, డబ్బా తెరిచాక లోహం దగ్గర మరోసారి చూడాలని ప్లాన్‌లో రాసుకున్నాం. అక్కడా తేడా రాలేదు. సాంకేతికంగా ఇది చిన్న పనే. కానీ ఇది ముందే చేయకపోతే మిగతా పనిలో ఎవరూ చెప్పింది వినరు. “సార్, మరి దీంతో ప్రమాదమే లేదా?” అని ల్యాబ్ అసిస్టెంట్ అడిగాడు. ఉంది, ముందు దాన్ని కుళాయి దగ్గర నుంచి తీద్దాం అన్నాను.

డబ్బా తెరవకముందు

రిజిస్టర్లు వెతికితే పాత స్టాకు పుస్తకంలో ఒక ఎంట్రీ దొరికింది. లోహపు కడ్డీలు, కిరోసిన్‌లో, అల్యూమినియం మిశ్రమాల ప్రాజెక్టు కోసం. ఇది నమ్మదగిన సమాచారమే. స్ట్రాన్షియం లోహానికి పెద్ద వాడకాల్లో ఒకటి అల్యూమినియం ఫౌండ్రీలే. అల్యూమినియం-సిలికాన్ మిశ్రమాన్ని అలాగే పోతపోస్తే సిలికాన్ మొనదేలిన సూదుల్లా, పలకల్లా గట్టిపడుతుంది. పోతలో పగుళ్లు అక్కడే మొదలవుతాయి. కరిగిన మిశ్రమంలో 0.02 శాతం దాకా స్ట్రాన్షియం కలిపితే అదే సిలికాన్ సన్నని, గుండ్రని కొమ్మల పోగుల్లా మారుతుంది. పోత సాగే గుణం పెరుగుతుంది. అంతకుముందు ఈ పనికి సోడియం వాడేవారు. అది కరిగిన లోహంలోంచి త్వరగా పోతుంది, స్ట్రాన్షియం గంటల తరబడి నిలబడుతుంది. ఫౌండ్రీ వాళ్లు శుద్ధ లోహాన్ని సాధారణంగా ముట్టుకోరు. 10 శాతం స్ట్రాన్షియం ఉన్న అల్యూమినియం కడ్డీలు కొంటారు. 100 కిలోల కరుగుకు 20 గ్రాముల స్ట్రాన్షియం కావాలంటే అలాంటి కడ్డీ 200 గ్రాములు వేస్తే సరిపోతుంది. గాలిలో అది మామూలు అల్యూమినియం లాగే ఉంటుంది, నూనె అక్కర్లేదు. పరిశోధన వాళ్లు సొంతంగా మిశ్రమం తయారుచేసుకోవాలనుకుని శుద్ధ లోహం తెప్పించుకుని ఉంటారు.

ఆ ఎంట్రీలో నన్ను కలవరపెట్టిన మాట ‘కిరోసిన్’. కిరోసిన్ నెమ్మదిగా ఆవిరవుతుంది. మూత గట్టిగా లేని డబ్బాలో ఏళ్ల తరబడి ఉంచితే మట్టం తగ్గి పై కడ్డీలు గాలికి తేలతాయి. చిక్కని తెల్ల మినరల్ ఆయిల్‌తో ఈ ఇబ్బంది చాలా తక్కువ. స్ట్రాన్షియాన్ని నూనెలో దాచక తప్పకపోతే నేను ఎప్పుడూ మినరల్ ఆయిలే చెబుతాను.

డబ్బాను ఊపలేదు. ఎంత నూనె ఉందో వినడానికి ఊపి చూసేవాళ్లను చూశాను. లోపల పొడిబారిన పెచ్చు ఉంటే అది రాలి, దాని కింద దాగిన తాజా లోహం బయటపడుతుంది. మూత ఉబ్బిందా అని చూశాం, ఉబ్బలేదు. లోపలికి తేమ వెళ్తే హైడ్రోజన్ పుడుతుంది, డబ్బా గట్టిగా మూసి ఉంటే ఒత్తిడి పెరుగుతుంది. ఇక్కడ మూత అంచులు తుప్పు తిని ఉన్నాయి. అంటే వాయువు బయటికి పోయింది, గాలి లోపలికి వచ్చింది.

ఎక్కడ తెరవాలన్నది తర్వాతి ప్రశ్న. సంస్థలో మంచి గ్లౌవ్ బాక్స్ ఉంది, అంటే గాలి చొరబడకుండా, బయటి నుంచి తొడుగుల్లో చేతులు పెట్టి పనిచేసే పెట్టె. రెండు కారణాల వల్ల వద్దన్నాను. వస్తువులను లోపలికి పంపే దాని చిన్న ముందు గదిలో వాక్యూమ్ పెడితే మూత తుప్పుపట్టిన డబ్బా లోపలి నూనెను చిమ్ముతుంది. రెండోది, కిరోసిన్ ఆవిర్లు గ్లౌవ్ బాక్స్ శుద్ధి వ్యవస్థను పాడుచేస్తాయి. బదులుగా ఆవిర్లను బయటికి లాగే ఫ్యూమ్ హుడ్‌లో ఒక పాలిథిన్ గ్లౌవ్ బ్యాగ్ అమర్చి, దేనితోనూ చర్య జరపని ఆర్గాన్ వాయువుతో చాలాసేపు కడిగి అందులో తెరిచాం. నైట్రోజన్ చవక కదా అని అక్కడి రసాయన శాస్త్రవేత్త అడిగారు. గది వేడిలో స్ట్రాన్షియం నైట్రోజన్‌ను పట్టించుకోదు, దాదాపు 380 డిగ్రీలు దాటాకే నైట్రైడ్ ఏర్పడుతుంది. ఆ లెక్కన నైట్రోజన్ చాలు. కానీ సంచిలో ఒక ముక్క అంటుకుంటే నైట్రోజన్ దాన్ని ఆర్పదు, ఆర్గాన్ ఆర్పుతుంది. మనం సిద్ధపడాల్సింది అంతా సజావుగా జరిగే రోజు కోసం కాదు కదా.

లోపల కనిపించింది

డబ్బాలో వేలి మందం కడ్డీలు ఉన్నాయి. అడుగున మూడో వంతు వరకు పసుపు రంగుకు తిరిగిన చిక్కటి కిరోసిన్. అందులో మునిగిన భాగాలు ముదురు బూడిద రంగులో, గట్టిగా, దాదాపు చెక్కుచెదరకుండా ఉన్నాయి. పైకి తేలిన భాగాల మీద మాత్రం తెల్లటి పెచ్చు కట్టి ఉంది. ఒకచోట సున్నం పెళ్లలా పగుళ్లు విచ్చింది. ఆ పగుళ్ల అంచున నల్లని పొడి కనిపించింది.

నేను ఎక్కువసేపు చూసింది ఆ పగుళ్లనే. స్ట్రాన్షియం గాలి తగిలి ముందు ఆక్సైడ్ అవుతుంది, ఆక్సైడ్ తేమ పీల్చి హైడ్రాక్సైడ్ అవుతుంది, అది గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో కార్బొనేట్ అవుతుంది. ఈ పొరల్లో నాకు అనుమానం హైడ్రాక్సైడ్ మీద. తేమ దొరికితే అది ఒక్కో అణువుకు ఎనిమిది నీటి అణువులను పట్టుకుని స్ఫటికమవుతుంది. లెక్కవేస్తే ఆ స్ఫటికం బరువులో 54 శాతం నీరే. పైకి పొడిగా కనిపించే పెచ్చు నిజానికి నీళ్ల నిల్వ. దాన్ని లోహం మీద రుద్దినా, కడ్డీని దాంతో సహా కోసినా, ఆ నీరు తాజా లోహాన్ని తాకే అవకాశం ఉంది. నల్లని పొడి సన్నటి లోహపు రజను అయితే అది గాలిలో దానంతటదే అంటుకోగలదు. ముద్దగా ఉన్న స్ట్రాన్షియం గాలిలో మెల్లగా మాసిపోతుంది, మెత్తని పొడి మాత్రం మండుతుంది.

ఇక్కడ ఒక ఊరట ఉంది, అది తెలిసి ఉండటం ముఖ్యం. పాత పొటాషియం మీద సూపర్ ఆక్సైడ్ పేరుకుంటుంది, నూనెలో ఉన్నదాన్ని కోయబోయినా పేలే ప్రమాదం ఉంది. అలాంటి పొటాషియాన్ని నేను కోయను, కోయమని ఎవరికీ చెప్పను. స్ట్రాన్షియం మామూలు నిల్వలో అలాంటి సూపర్ ఆక్సైడ్ కట్టదు. అందుకే దీన్ని జాగ్రత్తగా కోయవచ్చని నిర్ణయించాం.

ముందుగా డబ్బాలోకి తాజా, పొడి మినరల్ ఆయిల్ పోసి అన్నీ మునిగేలా చేశాం. పెచ్చును పొడిగా గీకితే దుమ్ము లేస్తుంది, నూనెలో తడిస్తే కిందకు దిగుతుంది. తర్వాత ఒక్కో కడ్డీని పటకారుతో తీసి, ప్లాస్టిక్ గరిటెతో పెచ్చును నూనెలోకే గీకి, వేరే పాత్రలో పెట్టాం. స్ట్రాన్షియం మెత్తని లోహం, 1 నుంచి 10 దాకా ఉండే మోస్ కాఠిన్యపు కొలతలో 1.5. మామూలు కటింగ్ ప్లయర్‌కే తెగింది. తెగిన చోట వెండి మెరుపు, అందులో లేత పసుపు ఛాయ. ఆర్గాన్‌లో ఆ మెరుపు అలాగే నిలిచింది. చూపించడానికి ఒక చిన్న తునకను హుడ్‌లోకి తెస్తే చూస్తుండగానే పసుపుగా, తర్వాత బూడిద రంగుగా మారిపోయింది.

లేబుల్ చెరిగిపోయింది కాబట్టి అది స్ట్రాన్షియమేనా అన్నది తేల్చుకోవాలి. రెండు పరీక్షలు చాలు. శుభ్రం చేసిన ముక్కను తూచి, నూనెలో ముంచి ఎంత మట్టం పెరిగిందో చూస్తే సాంద్రత తెలుస్తుంది. ఘన సెంటీమీటరుకు దాదాపు 2.6 గ్రాములు వచ్చింది, స్ట్రాన్షియానికి ఉండాల్సింది 2.64. కాల్షియం అయితే 1.55, బేరియం అయితే 3.5 పైన ఉంటుంది. లిథియం అయితే అసలు నూనె మీద తేలేది. రెండోది మంట పరీక్ష. పెచ్చు పొడిని కొంచెం ఆమ్లంలో కరిగించి తీగతో మంటలో పెడితే ముదురు ఎరుపు వచ్చింది. బాణసంచాలో, ఆపదలో వెలిగించే సిగ్నల్ మంటల్లో కనిపించే ఎరుపు అదే, అక్కడ వాడేది ఎక్కువగా స్ట్రాన్షియం నైట్రేట్. లిథియం కూడా ఎరుపే ఇస్తుంది, కాబట్టి మంట పరీక్ష ఒక్కటే నమ్మకూడదు. బేరియం అయి ఉంటే మంట ఆకుపచ్చగా వచ్చేది, మా ప్లాన్ మొత్తం మారేది. ఎందుకంటే కరిగే బేరియం లవణాలు విషం. స్ట్రాన్షియం లవణాల విషప్రభావం దాంతో పోలిస్తే చాలా తక్కువ.

లోహాన్ని చంపడం

శుభ్రం చేశాక దాదాపు 150 గ్రాముల మంచి లోహం మిగిలింది. సంస్థలో ఎవరికీ దాంతో పని లేదు, కాబట్టి చర్య జరిపించి నిర్వీర్యం చేయాలి. అది పూర్తిగా చర్య జరిపితే ఎంత హైడ్రోజన్ వస్తుందో ముందు లెక్కవేశాం. 87.6 గ్రాముల స్ట్రాన్షియానికి ఒక మోల్, అంటే గది వేడిలో దాదాపు 24 లీటర్లు. 150 గ్రాములకు 40 లీటర్లు దాటుతుంది. హైడ్రోజన్ గాలిలో 4 శాతం చేరితే మండగలదు. ఒకేసారి చేస్తే హుడ్ కూడా నమ్మదగిన చోటు కాదు. అందుకే 5 గ్రాములకు మించకుండా విడతలు పెట్టాం. ఒక్కో విడతకు 1.4 లీటర్ల హైడ్రోజన్, అదీ నెమ్మదిగా.

నేరుగా నీళ్లలో వేస్తే ఏమవుతుందని అడిగారు. స్ట్రాన్షియం సోడియంలా తేలి పరుగెత్తదు, మునిగిపోతుంది. అందువల్ల కాస్త నెమ్మది అనిపిస్తుంది. కాల్షియం కన్నా జోరుగా, బేరియం కన్నా తక్కువగా బుడగలు వస్తాయి. కానీ 5 గ్రాములు నీటితో ఇచ్చే వేడి 25 కిలోజౌళ్ల దాకా ఉంటుంది. 60 మిల్లీలీటర్ల నీటిని మంచు చల్లదనం నుంచి మరిగే దాకా తీసుకెళ్లడానికి అది చాలు. లోహం చుట్టూ నీరు మరిగి, ఘాటైన క్షారాన్ని మొహం మీదికి చిమ్ముతుంది. స్ట్రాన్షియం హైడ్రాక్సైడ్ కళ్లలో పడితే తీవ్రమైన గాయమే.

అందుకని నీటికన్నా నెమ్మదిగా చర్య జరిపే ఐసోప్రొపనాల్ అనే ఆల్కహాల్‌తో మొదలుపెట్టాం. ఆర్గాన్ పారుతున్న ఫ్లాస్క్‌లో పొడి ఐసోప్రొపనాల్, చుట్టూ మంచు, మినరల్ ఆయిల్ తుడిచిన చిన్న ముక్కలు. దగ్గర్లో మంటగానీ హాట్ ప్లేట్‌గానీ లేవు. ఆయిల్ కడగడానికి క్లోరిన్ ఉన్న ద్రావకాలు వాడొద్దని ముందే గట్టిగా చెప్పాను. ఇలాంటి చురుకైన లోహాలూ కార్బన్ టెట్రాక్లోరైడ్, క్లోరోఫాం వంటివీ కలిస్తే పేలుడు జరగగలదు.

ఈ దశలో నిజంగా మెలకువ కావాల్సింది బుడగలు ఆగినప్పుడు. మొదట సన్నగా బుడగలు వచ్చాయి, ద్రవం మసకబారింది, తర్వాత బుడగలు దాదాపు ఆగిపోయాయి. పని అయిపోయిందనిపిస్తుంది. అడుగున మాత్రం ముక్క అలాగే ఉంది, మీద ఆల్కహాల్‌తో చర్యలో పుట్టిన తెల్లటి ఆల్కాక్సైడ్ పొర కప్పుకుంది. ఆ సమయంలో నీళ్లు పోస్తే పొర కరిగి, కింది లోహమంతా ఒక్కసారిగా నీటికి దొరుకుతుంది. నాకు తెలిసి ఇలాంటి పనుల్లో మంటలు లేచేది ఎక్కువగా ఇక్కడే. గాజు కడ్డీతో మెల్లగా కదిపి పొర విడదీశాం, మళ్లీ బుడగలు మొదలయ్యాయి. ఐసోప్రొపనాల్‌తో పూర్తిగా నెమ్మదించాక ఇథనాల్ కొద్దికొద్దిగా కలిపాం, అది మరింత చురుగ్గా పనిచేస్తుంది. అడుగున ముక్క ఏదీ లేదని చేతి టార్చ్ వేసి కళ్లతో చూసుకున్నాకే నీటిని చుక్కలు చుక్కలుగా పోశాం. తొందరపడే మనిషికి ఈ పని ఇవ్వకూడదు.

నూనెలోకి గీకిన పెచ్చును కూడా ఇదే పద్ధతిలో, ఇంకా చిన్న పాళ్లలో చేశాం. అందులో లోహపు రజను ఉందని మొదటి విడతలోనే తేలింది, బుడగలు కడ్డీ ముక్కల కన్నా త్వరగా వచ్చాయి.

చివరికి మిగిలిన క్షార ద్రవాన్ని విలీన హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో తటస్థీకరించి, సోడియం సల్ఫేట్ కలిపితే స్ట్రాన్షియం సల్ఫేట్ తెల్లగా అడుగున చేరింది. నీటిలో చాలా కొద్దిగానే కరిగే పదార్థం ఇది. భూమిలో సెలెస్టైన్ అనే ఖనిజంగా దొరికేదీ ఇదే, స్ట్రాన్షియానికి ముఖ్యమైన ముడిసరుకు. దాన్ని వడకట్టి ఘన వ్యర్థంగా అప్పగించాం. ఆల్కహాల్, నూనె మిగుళ్లు మండే వ్యర్థాల డ్రమ్ములోకి వెళ్లాయి.

పని చేసినవాళ్ల రక్షణ

సైడ్ కవర్ ఉన్న కళ్లద్దాలు, మీద ఫేస్ షీల్డ్, మంటకు అంటుకోని కోటు, పొడి చేతి తొడుగులు. చెమట పట్టిన తొడుగును వెంటనే మార్చాలని నియమం పెట్టాం, లోహాన్ని తాకే నీరు ఎక్కువగా మన చేతుల నుంచే వస్తుంది. హుడ్ పక్కన పొడి ఇసుక, లోహపు మంటలకు వాడే డి తరగతి పొడి ఆర్పకం ఉంచాం. అంతకుముందు ఆ గదిలో ఉన్న కార్బన్ డయాక్సైడ్ సిలిండర్‌ను అక్కడి నుంచి తీయించాను. మండుతున్న స్ట్రాన్షియం కార్బన్ డయాక్సైడ్‌లోని ఆక్సిజన్‌ను కూడా లాక్కుంటుంది. నీరు, నురగ సరేసరి. మండిన ముక్క చల్లారాక దాని బూడిదలో నైట్రైడ్ ఉంటుంది, తేమ తగిలితే అమ్మోనియా వాసన వస్తుంది. ఆ వాసన వస్తే బూడిద ఇంకా చురుగ్గానే ఉందని అర్థం, చెత్త డబ్బాలో వేయకూడదు. ఈ కేసులో మంట రాలేదు.

శరీరంలోకి వెళ్తే స్థిరమైన స్ట్రాన్షియం కాల్షియం దారినే పోయి ఎముకల్లో చేరుతుంది. పెద్దవాళ్ల ఒంట్లో ఎలాగూ 300 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. మోతాదు మరీ ఎక్కువై, కాల్షియం తక్కువైతే పెరిగే పిల్లల ఎముకలు దెబ్బతింటాయి. లోహంతో పనిచేసేవాళ్లకు తక్షణ ముప్పు మాత్రం కాలిన గాయం, కంటి గాయం.

ఆంపుల్

ఆంపుల్ కథ వేరు. అది ఆర్గాన్ నింపి సీల్ చేసినది, లోపలి పలుకులు ఇంకా మెరుస్తున్నాయి. ఇవి స్వేదనం చేసిన లోహం. స్ట్రాన్షియం 777 డిగ్రీల దగ్గర కరుగుతుంది, అంతకన్నా చాలా ముందే వాక్యూమ్‌లో ఆవిరవుతుంది కాబట్టి ఇలా శుద్ధి చేస్తారు. ఆక్సైడ్‌ను అల్యూమినియంతో క్షయకరించి (అంటే అందులోని ఆక్సిజన్‌ను లాగేసి), వాక్యూమ్‌లో ఆవిరిగా లాగి చల్లబరచడం దీని తయారీ పద్ధతుల్లో ఒకటి. 1808లో బ్రిటిష్ రసాయన శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ విద్యుద్విశ్లేషణతో మొదటిసారి వేరుచేసినప్పుడు ఆయనకు దొరికింది పాదరసంతో కలిసిన లోహం. పాదరసాన్ని వేడిచేసి తరిమితేనే స్ట్రాన్షియం చేతికొచ్చింది.

ఆంపుల్‌ను పారేయొద్దని నేను చెప్పాను. అదే సంస్థలో పరమాణు భౌతికశాస్త్రం బృందం ఉంది. ప్రపంచంలోని అత్యంత కచ్చితమైన గడియారాల్లో కొన్ని స్ట్రాన్షియం పరమాణువులతోనే నడుస్తున్నాయి. లోహాన్ని చిన్న ఓవెన్‌లో కొన్ని వందల డిగ్రీలకు వేడిచేస్తే ఆవిరి కిరణంలా వస్తుంది. దాన్ని 461 నానోమీటర్ల నీలి లేజర్‌తో నెమ్మదింపజేసి, కాంతితో కట్టిన జాలకంలో బంధించి, 698 నానోమీటర్ల ఎరుపు కాంతితో టిక్కులు లెక్కిస్తారు. ఈ జాలక గడియారం ఆలోచనను 2001లో ముందుకు తెచ్చింది జపాన్ భౌతిక శాస్త్రవేత్త హిదెతోషి కతోరి. ఆ బృందానికి ఆంపుల్ పనికొచ్చింది.

అప్పగించేటప్పుడు నిల్వ గురించి రాసిచ్చిన షరతులు ఇవి. ఆంపుల్‌ను ఉపయోగించే రోజే, ఆర్గాన్ గ్లౌవ్ బాక్స్‌లోనే పగలగొట్టాలి. నూనెలో పెట్టకూడదు, ఎందుకంటే తర్వాత ఎంత కడిగినా నూనె ఆనవాళ్లు వాక్యూమ్ చాంబర్‌ను పాడుచేస్తాయి. ఓవెన్‌లో నింపాక మిగిలిన పలుకులను గ్లౌవ్ బాక్స్‌లోనే లోహపు సీల్ ఉన్న పాత్రలో ఉంచి, తెరిచిన తేదీ, మిగిలిన బరువు, బాధ్యుల పేరు లేబుల్ మీద రాయాలి. పాత ఓవెన్‌ను విప్పేటప్పుడు లోపలి గోడలకు అంటిన సన్నటి పూతను కూడా లోహంగానే లెక్కగట్టి, గాలికి వదిలేముందు ఆర్గాన్‌లో ఉంచి ఆల్కహాల్‌తో కడగాలి. అలమారలో నీటితో చర్య జరిపే పదార్థాలకు, అంటే రవాణా నిబంధనల్లో 4.3 తరగతిగా రాసే వాటికి, సింక్‌కు దూరంగా ప్రత్యేకమైన అర కేటాయించారు. ఇక ముందు నూనెలో ఉంచే లోహం ఏదైనా గాజు సీసాలోనే రావాలని కొనుగోలు ఫారంలో చేర్చారు. నూనె మట్టం బయటి నుంచే కనిపించాలి.